రోజుకు వేలి మందం నారి

నా కుడి మోకాలు తిన్నగా సాగదు. కుర్చీలో కూర్చున్నంతసేపూ ఎవరికీ తెలియదు. లేచి నాలుగడుగులు వేస్తే తెలుస్తుంది. ఆదోని బజారులో కొందరు జాలిపడి "పుట్టుకతోనే ఇట్లనా అప్పా?" అని అడుగుతారు. మొదట్లో అడిగినవాళ్ళ మీద ఎగిరిపడేవాడిని. ఇప్పుడు "కాదు, నేనే చేసుకున్నా" అని చెప్పి నా దారిన నేను పోతున్నాను.

ఇది జాలి కోసం రాయడం లేదు. ఈ వైపు ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు నారిపుండుతో మంచం పడుతూనే ఉంటారు. ఆ పేరు తెలియని అదృష్టవంతులకు ఒక్క ముక్క చెబుతాను. తెల్లటి దారంలాంటి పురుగు, మూర కంటే పొడుగైనది, మనిషి ఒంట్లో ఏడాదిపాటు పెరిగి, కాలి మీద పొక్కు లేపి బయటికి వస్తుంది. దాన్నే నారి అంటారు. తల కనిపించింది కదా అని పట్టి లాగడానికి లేదు. పుల్లకు చుట్టి రోజుకు వేలి మందం మాత్రమే రానివ్వాలి. అది ఇరవై రోజులు పట్టొచ్చు, నెల పట్టొచ్చు. నేను ఆ నెల ఓర్చుకోలేకపోయాను.

ఇందులో నేను ఇంతవరకు ఇంట్లోవాళ్ళకు చెప్పని సంగతి ఒకటి ఉంది. దాని కోసమే రాస్తున్నాను. మిగతాదంతా అక్కడికి చేరే దారి.

మొదటి ఎండాకాలం

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు నేను ఆదోని వచ్చాను. పుట్టి పెరిగింది చెన్నపట్నం, చింతాద్రిపేటలో. ఆదోనిలో ఒక పత్తి మండీలో ఫోను దగ్గర ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రిసీవరు నా చేతిలోనే ఉండేది. బొంబాయి ధర అడగడం, ఇక్కడి ధర చెప్పడం, మధ్యలో లైను తెగితే ఎక్స్ఛేంజి మీద అరవడం. ఎక్స్ఛేంజిలో ఉండే పెద్దాయన ముఖం నేను చూడలేదు, గొంతు మాత్రం తెలుసు. ఆయన్ని తిట్టని రోజు లేదు. "కాస్త నిదానించు నాయనా, లైను కలుపుతాండా" అని ఆయన అంటే నాకు ఇంకా మండేది. మండీలో హమాలీలు నాకు 'హలోనప్ప' అని పేరు పెట్టారు.

కోపిష్టినే గానీ ఆరోగ్యం విషయంలో నన్ను మించినవాడు లేడని నా గర్వం. చింతాద్రిపేట వ్యాయామశాలలో మా గురువుగారు ఒళ్ళు, మనసు, ఆత్మ మూడూ సమంగా ఉండాలని చెప్పేవారు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, నూరు దండీలు, నూరు బస్కీలు, అరగంట పద్మాసనం. కాఫీ ముట్టకూడదు, మందు మింగకూడదు. నీళ్ళ మీద ఆయనకొక సిద్ధాంతం కూడా ఉండేది. కాచిన నీళ్ళు చచ్చిన నీళ్ళు, వడగట్టిన నీళ్ళు సగం చచ్చినవి, ఎండా గాలీ తగిలే నీళ్ళకే ప్రాణం ఉంటుంది. ఆయన ఈ మాటలు చెన్నపట్నం కొళాయి నీళ్ళు తాగుతూ చెప్పేవాడన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

మా అక్క కమలను ఎమ్మిగనూరులో ఇచ్చారు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. బావది మగ్గం ఇల్లు. బావ చిన్నప్పుడే వాళ్ళమ్మానాన్నలు పోతే అవ్వ పెంచింది. ఆ అవ్వ ఇప్పటికీ ఆ ఇంటికి పెద్దదిక్కు. బావ గుంటమగ్గంలో కూర్చుని నేస్తాడు. అక్కా అవ్వా రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడతారు. ప్రతి ఆదివారం నేను చీకటితోనే సైకిలెక్కి, పద్దెనిమిది మైళ్ళు తొక్కి, అక్కడికి పోయేవాడిని. బస్సెక్కడం అంటే నాకు చిన్నతనం.

ఊరి మొదట్లో ఒక దిగుడుబావి ఉంది. చుట్టూ నల్లరేగడి, నీడ లేదు. మెట్లు దిగి, మోకాళ్ళ మీద వంగి, దోసిళ్ళతో నీళ్ళు తాగితే గుండెల దాకా చల్లబడేది. ఒకరోజు అలా తాగుతుంటే పై మెట్టు నుంచి గొంతు వినిపించింది. బావ వాళ్ళ అవ్వ. కడవ మూతికి కొంగు కప్పి నీళ్ళు వడగట్టుకుంటూ ఉంది.

"ఏమప్పా, గొడ్డు తాగినట్ల తాగుతాండావు? ఈడికి రా, కొంగు పట్టిస్తా, వడగట్టుకొని తాగు."

"వడగడితే సారం పోతుంది అవ్వా."

"సారమా? ఈ బావిలో సారం కంటే పురుగులే శానా ఉండాయి. పట్నంలో ఇదేనా మీకు నేర్పిచ్చింది?"

"నీకేం తెలుసు అవ్వా, దీని వెనక శాస్త్రం ఉంది."

"ఉండనీలేప్పా. మాకు కొంగు ఉండాది."

నేను నవ్వి ఇంకో దోసెడు తాగాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఎండాకాలం ప్రతి ఆదివారం తాగాను.

రెండో ఏడు, ఉగాది దాటాక

కుడి పిక్క మీద మంట మొదలైంది. ఫోనులో ధర చెబుతూ చెబుతూ రిసీవరు బల్ల మీద పడేసి కాలు పట్టుకున్నాను. చీమ కుట్టిందనుకున్నా. సాయంత్రానికి రూపాయి బిళ్ళంత పొక్కు లేచింది. నిప్పుకణిక చర్మం కింద పెట్టి కుట్టేసినట్టు ఉంది. గురువుగారి మాట ప్రకారం చన్నీళ్ళ గుడ్డ చుట్టి, ఉపవాసం ఉన్నాను. నాలుగో రోజు పొక్కు చిట్లింది. లోపల తెల్లగా ఏదో కదిలింది.

నూరు దండీలు తీసే ఒంట్లో పురుగు! నాకు ముందు వచ్చింది భయం కాదు, అవమానం. ఎవరికీ చెప్పకుండా అక్క ఊరికి పోయే బస్సెక్కాను.

అవ్వ ఒక్క చూపు చూసింది.

"నారి. పోయినేడు తాగిన సారం ఇప్పుడు బయటికొస్తాండాది."

అక్క ఏడుపు మొదలుపెట్టింది. "ఎందుకే ఏడుస్తావు? సచ్చేది కాదు" అని అవ్వ కసిరింది. రాట్నం పక్కనున్న బుట్టలోంచి ఖాళీ కండె ఒకటి తీసింది. వేలెడంత పుల్ల. దాని కొసకు నారి తలను మెల్లగా చుట్టి, వేపనూనె గుడ్డతో కట్టింది.

"ఇంతేనా ఈరోజుకి?" అన్నాను.

"ఇంతే. రోజుకు వేలి మందం."

"లోపల మూర పొడుగుంటే ఎన్నాళ్ళు?"

"అది వచ్చినన్నాళ్ళు. సూడప్పా, యాభై ఏండ్లుగా నూలు సుడతాండా. దారం తెగితే ముడేస్తా, మగ్గానికి తెలీదు. ఇది తెగితే ముడి పడదు. లోపలే కుళ్ళుతాది. కాలు పోతాది. అర్థమయిందా హలోనప్పా?"

ఆ పేరు ఎమ్మిగనూరు దాకా వచ్చిందని అప్పుడే తెలిసింది.

అక్కడ మొదలైంది నా నిరీక్షణ. పొద్దునపూట అవ్వ వచ్చి ఒక్క చుట్టు చుట్టి కట్టు కట్టేది. ఆ తర్వాత రోజంతా నాకు పని లేదు. చేతిలో రిసీవరు లేదు. మగ్గం చప్పుడు వింటూ, దూలాలు లెక్కపెడుతూ పడుకోవడమే. మంట తగ్గేది కాదు. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుడ్డ విప్పించుకుని చూసేవాళ్ళు. ఒకామె ఇంగువ మింగమంది. ఒకామె జిల్లేడాకు కట్టమంది. ఇంకొకామె చూసి, "అబ్బ, తెల్లగ ఎంత నున్నగ ఉండాది! మా ఆయనకు వచ్చింది ఇంత బాగలేకుండె" అంది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు.

ఇంత జరిగినా గురువుగారి మీద నమ్మకం పోలేదు నాకు. పడుకునే ఉన్నా తాగడానికి బావి నీళ్ళు వడగట్టకుండానే కావాలని పట్టుబట్టాను.

"అట్ల నేను తేను. ఈ కొంగుతో వడగట్టే తెస్తా" అంది అవ్వ.

నేను చెంబు విసిరేశాను. అక్క చిన్న కడవ ఒకటి నా మంచం పక్కన పెట్టి, రోజూ బావి నుంచి అలాగే నింపి తెచ్చింది. ఇంట్లో అందరూ పెద్దకడవలో వడగట్టిన నీళ్ళు తాగేవాళ్ళు. నా దగ్గర కూర్చుని విసనకర్రతో విసిరేటప్పుడు మాత్రం అక్క దాహమేస్తే లేచేది కాదు, నా కడవలోంచే ముంచుకునేది. అప్పుడు నేను చూశాను. చూసీ ఏమీ అనుకోలేదు.

గురువుగారికి జాబు రాశాను. కార్డు మీద జవాబు వచ్చింది. మనసులో మాలిన్యం ఉంటేనే ఒంట్లో పురుగు పడుతుందట. ఆత్మశుద్ధి చేసుకోమన్నాడు. కాలు మండుతుంటే ఆ కార్డు నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చింపేశాను.

పన్నెండో రోజు

ఇది మాత్రం మర్చిపోలేను. భోజనాల వేళ దాటింది. బావ నేసిన చీరలు ఇచ్చి రావడానికి వెళ్ళాడు. అక్కా అవ్వా పక్కింటి మగ్గానికి పడుగు నూలు పట్టడానికి పోయారు. ఆదోని నుంచి మండీ లారీ డ్రైవరు గుమ్మంలోకి వచ్చి పలకరించాడు.

"ఎట్లుండాది కాలు? ఏం దిగులు పడొద్దు. నీ కుర్చీలో వేరే పిల్లోణ్ణి కూసోబెట్టినారు. పని ఆగలేదులే."

అతను మంచి మాటే చెప్పాననుకుని వెళ్ళిపోయాడు.

నేను గుడ్డ విప్పాను. కండె చుట్టూ పన్నెండు చుట్లు. పన్నెండు రోజుల నా బతుకు అదే. ఇంకా ఎంత ఉందో ఎవరికి తెలుసు? ఆ పురుగు నన్ను ఆడిస్తోందనిపించింది. కండె పట్టుకుని లాగాను.

మొదట వచ్చింది. అదే నా ఖర్మ. రెండు వేళ్ళు వచ్చింది, నాలుగు వేళ్ళు వచ్చింది. నొప్పి ఉన్నా సంతోషం వేసింది. ముసలమ్మ భయపెట్టిందే గానీ ఏముందిలే అనుకున్నాను. ఇంకొంచెం బలంగా లాగాను. తెగింది. చప్పుడు కూడా లేదు. లోపలి కొస గాయంలోకి జారిపోయింది.

కాసేపటికి కాలంతా అంటుకున్నట్టయింది. అరిచినా వినడానికి ఎవరూ లేరు. ఆ మంటలో నాకు ఒక్కటే తోచింది, దిగుడుబావిలోని చల్లదనం. గోడ పట్టుకుని, కుంటుకుంటూ, పాక్కుంటూ పోయాను. రెండు వందల అడుగులు ఉంటుందేమో. మండుటెండ, బావి దగ్గర మనిషి లేడు. మెట్లు దిగి, ఏడాది కింద దోసిలి పట్టిన మెట్టు మీదే కూర్చుని, మోకాలి దాకా కాలు నీళ్ళలో పెట్టాను.

ఆ సుఖం గురించి అబద్ధం చెప్పను. నా జన్మలో అంత హాయి ఎరగను. మంట దిగిపోయింది. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాను. కళ్ళు తెరిస్తే గాయం దగ్గర నీళ్ళలో పాలు కలిపినట్టు తెల్లగా ఏదో పరుచుకుంటోంది. చీము కాబోలు, పోతే పోయిందిలే అనుకున్నాను.

తిరిగి వస్తుంటే వీధి మొదట్లో అవ్వ ఎదురైంది.

"యాడికి పోయినావు?"

"ఎక్కడికీ లేదు."

ఆమె నా ముఖం చూడలేదు. మోకాలి దాకా తడిసి నీళ్ళు కారుతున్న నా పంచె చూసింది. తర్వాత నా చేతిలోని కండె చూసింది. చంక కింద చెయ్యి వేసి ఇంట్లోకి నడిపించింది. ఒక్క మాట అనలేదు. నోరు తెరిస్తే ఆగని మనిషి!

ఆదోని, ఆసుపత్రి వరండా

మూడో రోజుకి కాలు స్తంభంలా వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. నా ఒంటిమీద నాకు తెలివి లేదు. జరిగింది అక్క చెబితే తెలిసింది. బావ పోస్టాఫీసుకు పరిగెత్తి ఆదోని మండీకి ఫోను చేయబోయాడట. ఎక్స్ఛేంజి పెద్దాయన ఎవరికి, ఏమిటి అని అడిగి, "ఆ అరిచే అబ్బాయికేనా బాగలేనిది?" అన్నాడట. మండీలో ఎవరూ ఎత్తకపోతే యజమాని ఇంటికి కలిపి, ఆయన నాన్చుతుంటే మధ్యలో తనే అందుకుని, "రోజంతా మీ కోసమే గొంతు సించుకున్న పిల్లోడు సామీ, లారీ అన్నా పంపండి" అన్నాడట. దూది బేళ్ళ లారీ వచ్చింది. ఏడాదిపాటు నేను నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి ఆయన.

ఆసుపత్రి వరండాలో సగం రోజు కూర్చున్నాం. చిప్పగిరి నుంచి, హాలహర్వి నుంచి బండ్ల మీద వచ్చినవాళ్ళు గోడ పొడుగునా ఉన్నారు. నాలాంటి కాళ్ళే చాలా. ఒక రైతు తన కాలి నారిని అగ్గిపుల్లకు చుట్టుకుని, పక్కవాడితో వానల సంగతి మాట్లాడుతున్నాడు. అతని ఓపిక చూస్తే నాకు ఒళ్ళు మండింది.

బావ అక్కడే అక్కతో పోట్లాడాడు.

"వారం నుంచి కండె సుట్టేవాళ్ళు లేరు. మగ్గం నిలిసిపోయింది. నీ తమ్మునికి నిదానం లేకపోతే నా ఇల్లు ఎందుకు ఎండాల?"

"వాడికి నేను తప్ప ఎవరుండారు?" అంది అక్క. పెళ్ళయి వచ్చిన ఎనిమిదేళ్ళలో అక్క మాట కూడా ఈ వైపుదైపోయింది.

"నాకు మాత్రం ఎవరుండారు?"

బావ వెళ్ళిపోయాడు. గంట తర్వాత తిరిగొచ్చి, రొట్టె, ఉల్లిపాయ కారం పొట్లం తెచ్చి, మా ఇద్దరి మధ్య పెట్టి మళ్ళీ పోయాడు.

డాక్టరు పెద్దగా వయసున్నవాడు కాదు. కాలు చూసి, "లాగావా?" అన్నాడు. తలూపాను. తిట్టలేదు. కోయాలన్నాడు. తర్వాత కలం మూత తీసి అడిగాడు.

"ఈ కాలు ఎక్కడైనా నీళ్ళలో పెట్టావా? బావిలో, కుంటలో?"

"ఎందుకండీ?"

"నారి నీళ్ళు తగలగానే పిల్లల్ని వదులుతుంది. కంటికి కనిపించవు. నీళ్ళలో ఉండే నలుసంత పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్ళు వడగట్టకుండా తాగినవాళ్ళకు మరుసటి ఏడు ఇదే వస్తుంది. నీకూ అలాగే వచ్చింది. పెట్టి ఉంటే చెప్పు. బావిలో మందు వేయిస్తాను. నిన్ను ఎవరూ ఏమీ అనరు."

అంతా ఒక్కసారి అర్థమైంది. పోయినేడు ఎవడో ఆ మెట్టు మీద కూర్చుని కాలు ముంచాడు. వాడు ఎవడో తెలిస్తే పీక పిసికేవాణ్ణి. ఆ కోపం ఇంకా గొంతులో ఉండగానే తెలిసింది, ఈ ఏడు ఆ ఎవడో నేనే.

అక్క నా పక్కనే ఉంది. లారీలో తోడొచ్చిన అక్క వీధి మనుషులిద్దరు వినేంత దూరంలోనే ఉన్నారు.

"పెట్టలేదు" అన్నాను.

"మా తమ్ముడు అట్లాంటి పని చెయ్యడు సార్. కోపం ఉండాది గానీ బుద్ధి ఉండాది" అంది అక్క.

డాక్టరు నన్నొకసారి చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

నా కాలు కోశారు. మోకాలి వెనక దాకా చీము పాకిందన్నారు. పొద్దునా సాయంత్రం పెన్సిలిన్ సూదులు. భరణి కార్తె పోయింది, రోహిణి ఎండలు పోయాయి, మృగశిర వానలు మొదలయ్యాయి. అక్క నా మంచం కిందే పడుకుంది. కాలు పోతుందని రెండుసార్లు అనుకున్నారు. పోలేదు. మోకాలు మాత్రం వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఇక దండీలు లేవు, బస్కీలు లేవు, పద్మాసనం అంతకన్నా లేదు. ఇరవై మూడేళ్ళవాడిని కర్రతో నడిచి బయటికి వచ్చాను. అందరూ కాలు దక్కిందని దేవుడికి దండం పెట్టుకున్నారు. నేను మాత్రం ఆ బావి గురించి ఆలోచించకుండా ఉండటం నేర్చుకున్నాను. వాళ్ళంతా వడగట్టుకుంటారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చిన్న కడవ నాకు గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదేమో.

మూడో ఏడు, మళ్ళీ ఉగాది దాటాక

నా కుర్చీలో కూర్చున్నవాడికి బొంబాయి హిందీ రాలేదు. యజమాని నన్ను మళ్ళీ పిలిచాడు. ఒక పొద్దున ఎక్స్ఛేంజి పెద్దాయన, "నాయనా, ఇది మండీకి కాదు, నీకే. ఎమ్మిగనూరు" అన్నాడు. ఆయన గొంతులో ఏదో ఉంది. బహుశా ముందే విన్నాడు.

"బామ్మర్దీ, మీ అక్క కాలికి పొక్కు లేసింది. సీలమండ పక్కన" అన్నాడు బావ.

జీవితంలో మొదటిసారి ఫోను చేతిలో ఉండి నోట మాట రాలేదు. అటువైపు బావ "హలో, హలో" అంటూనే ఉన్నాడు. పెద్దాయన "లైను ఉండాది, ఆయప్ప ఈడనే ఉండాడు" అని బావకు చెప్పాడు. ఎవరూ తెంపలేదు.

నేను పోయేసరికి అక్క రాట్నం పక్కన కాలు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది.

"చూడరా, నీ దగ్గర నుంచి నాకు అంటుకుంది" అంది. ఊరికే పరిహాసానికే అంది.

అవ్వ కండ్లకు ఆ ఏడు పొర కమ్మింది. సూది కూడా కనిపించడం లేదు. బుట్టలో తడిమి ఖాళీ కండె తీసి నా చేతిలో పెట్టింది.

"నాకు సూపు లేదు. నువ్వు సుట్టు."

"నేనా అవ్వా? వద్దు. డాక్టరు దగ్గరికి పోదాం."

"పోయి రాండి. ఆయన కూడా సుట్టమనే సెప్తాడు. నువ్వే సుట్టాల."

ఆయన కూడా అదే చెప్పాడు. ఎలా కట్టాలో చూపించాడు. అక్కను వరండాలో కూర్చోబెట్టి నేనొక్కణ్ణే లోపలికి తిరిగి వెళ్ళి, పోయినేడు బావిలో కాలు పెట్టానని చెప్పాను. ఆయన నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. మోకాలు చూసి పోల్చుకున్నాడు.

"ఏడాది ఆలస్యంగా చెప్పావు" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. అని ఉంటే తేలికయ్యేది. ఆ వారమే బావిలో మందు పడింది.

ఆ రోజు నుంచి ప్రతి పొద్దున నేను అక్క కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుడ్డ విప్పి, గాయం కడిగి, కండెను ఒక్క చుట్టు తిప్పడం. లోపల్నుంచి బిగువు తగలగానే ఆపేయడం. ఒక్కోరోజు వేలి మందం వచ్చేది. ఒక్కోరోజు గోరంత కూడా వచ్చేది కాదు. లాగెయ్యమని చేతులు చెబుతూనే ఉండేవి. అది అబద్ధం కాదు, నాలో పాత మనిషి చావలేదు. వాణ్ణి రోజుకోసారి ఆపడమే నా వంతు. ఒళ్ళు, మనసు, ఆత్మ అని గురువుగారు అంత ఉపన్యాసం చెప్పాడు. నా దోసిట్లో నీళ్ళు వీధిలో అందరి నీళ్ళూ అన్న సంగతి మాత్రం చెప్పలేదు. అది వడగట్టే కొంగు ఉన్న ముసలమ్మకు తెలుసు.

అక్క నాలాగా అరవలేదు. మంటెత్తితే పళ్ళు బిగించి పాత చింతాద్రిపేట కబుర్లు చెప్పించుకునేది. "బావిలో కాలు పెడితే చల్లగా ఉంటుందేమోరా" అని ఒకసారి అంది. నా చెయ్యి ఆగిపోయింది. "వద్దు" అన్నాను. "తెలుసులే, డాక్టరు చెప్పినాడు కదా. ఊరికే అన్నా" అంది.

ఒక రోజు అక్క కునుకు తీస్తుంటే అవ్వ దగ్గర కూర్చున్నాను.

"అవ్వా, ఆ రోజు నా పంచె తడిసి ఉండటం చూశావు. ఎందుకు చెప్పలేదు?"

అవ్వ మసక కళ్ళతో రాట్నం వైపు చూస్తూ ఉంది.

"సెప్తే వీధంతా నా మనవని ఇంటి మీద పడుతుండె. కడవ తీసుకొని బావికి పోనిస్తారా మమ్మల్ని? అందరూ వడగట్టుకొనేవాళ్ళే కదా, ఏం గాదులే అనుకొంటి. నీ సిన్న కడవ మరిసిపోతినప్పా." నా మోకాలు తడిమి మళ్ళీ అంది. "నువ్వు సిన్నోనివి, కోపంలో సేస్తివి. నేను పెద్దదాన్ని, నిదానంగా సేస్తి."

వీధిలో ఇంకెవరికైనా నా వల్ల వచ్చిందేమో నాకు తెలియదు. అడుగుదామని రెండుసార్లు గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాను.

ఇరవై ఆరో రోజు కండె తిప్పుతుంటే బిగువు తగల్లేదు. సన్నటి కొస, వంకర తిరిగినది, దానంతటదే బయటికి జారింది. పూర్తిగా. అక్క నెమ్మదిగా కాలు చాపింది, ముడిచింది, మళ్ళీ చాపింది. లేచి గుమ్మం దాకా నడిచి వచ్చింది. తిన్నగా నడిచింది. బావ మగ్గం ఆపి గుంటలోంచే చూశాడు. తల తిప్పుకుని మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు.

అక్క వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంత ఓపిక యాడ నేర్చినావురా నువ్వు? అమ్మ ఉంటే నమ్మేది కాదు."

అవ్వ నా వైపే ముఖం పెట్టి కూర్చుని ఉంది. ఆమెకు నేను కనబడను. అయినా చూస్తున్నట్టే ఉంది. నేను నోరు తెరిచాను. బస్సు వేళయిందని చెప్పి లేచి వచ్చేశాను.

ఇది జరిగి మూడు నెలలు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోతుందని మండీలో అందరూ వాదించుకుంటున్నారు. నేను ఫోను పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళను కోరేది రెండే. నీళ్ళు గుడ్డ మడతపెట్టి వడగట్టుకోండి, ఎంత పెద్ద గురువు వద్దన్నా సరే. నారి వస్తే లాగకండి, ఆ కాలు ఏ బావిలోనూ పెట్టకండి, పెట్టి ఉంటే ఆ రోజే చెప్పండి. సిగ్గు ఒక్క రోజుది.

మా అక్కకు చదువు వచ్చు. ఇద్దరం ఒకే బడిలో చదివాం. ఇది అచ్చయితే ఒక ప్రతి ఎమ్మిగనూరు పంపమని సంపాదకులకు రాశాను. మధ్యాహ్నం పూట రాట్నం ఆపి, గుమ్మంలో కూర్చుని, పైకి చదువుతుంది. అవ్వ వింటుంది, మగ్గం గుంటలోంచి బావ వింటాడు.

అక్కా, ఆసుపత్రిలో ఆ డాక్టరుతో నువ్వు నా గురించి చెప్పింది నిజం కాదు. నేను ఆ బావిలో కాలు పెట్టాను.